విండోస్ ప్రోగ్రాం లినక్స్‌లో నడుస్తుందా? సరిహద్దు ఊళ్ల డీటీపీ కేంద్రాల ముందున్న ప్రశ్న

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేయించుకున్న గృహ వినియోగదారులకు మాత్రం మరో ఏడాది పాటు భద్రతా సవరణలు అందిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కనీసం 4 జీబీ మెమరీ, సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ల వరకు ఆ జాబితా, కొద్ది మినహాయింపులతో, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. అంతకు ముందు కొన్న యంత్రాలు రోజూ చక్కగా పనిచేస్తున్నా ఆ అర్హత పొందలేవు.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ చిక్కు బాగా తగిలేది చిన్న డీటీపీ కేంద్రాలకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం అందులో చేరాయి. అక్కడ తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. అందువల్ల ఈ ఊళ్ల ప్రెస్సుల్లో ఒకే శుభలేఖకు ఒకవైపు తెలుగు, మరోవైపు ఒడియా కూర్చవలసి వస్తుంది. ఆ పనికి వాడే సరంజామా పాతది: 2001లో వచ్చిన 7.0 సంచికతో ఆగిపోయిన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, తెలుగుకు అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి ఫాంట్ల ప్యాకేజీ, ఒడియాకు ఆకృతి వంటి మరో ప్యాకేజీ. ఇక్కడ వాడుకలో ఉన్న ఈ సంచికలు విండోస్ కోసం తయారైనవే. ఆ పాత యంత్రంలోనే విండోస్ బదులు, ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటే ఇవి నడుస్తాయా అని అడిగితే, నడుస్తాయనే వారూ ఉన్నారు, నడవవనే వారూ ఉన్నారు. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు, ఎందుకంటే ప్రోగ్రాముకూ కంప్యూటరుకూ మధ్య చాలా అంతస్తులు ఉంటాయి, ఒక్కో ప్రోగ్రాం ఒక్కో అంతస్తులో అడ్డం పడుతుంది.

ప్రోగ్రాం ఫైలులో ఉండేది ఏమిటి

విండోస్ ప్రోగ్రాం ఫైలు మొదటి రెండు బైట్లలో "ఎం", "జెడ్" అనే ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. ఆ పద్ధతిని రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలవి. లినక్స్ ప్రోగ్రాం ఫైలు 127 అనే అంకెతో మొదలై, ఆ వెంటనే "ఇ", "ఎల్", "ఎఫ్" అనే అక్షరాలతో సాగుతుంది. విండోస్ ఫైలును లినక్స్ నేరుగా నడపలేకపోవడానికి మొదటి కారణం ఈ అమరిక తేడాయే: ఫైలులో ఏ ముక్కను మెమరీలో ఎక్కడ పెట్టాలో చెప్పే పట్టిక దానికి పరిచయం లేని పద్ధతిలో ఉంటుంది.

అయితే ఆ పట్టిక దాటి లోపలికి వెళితే కనిపించేవి ప్రాసెసరు ఆదేశాలు: రెండు సంఖ్యలు కూడు, ఫలితం సున్నా అయితే ఫలానా చోటికి వెళ్లు, ఈ విలువను అక్కడ దాచు. ఒకే ఇంటెల్ ప్రాసెసరు మీద విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా ఈ ఆదేశాలు మారవు. అంటే ప్రోగ్రాములో అత్యధిక భాగం ఏ మార్పూ లేకుండా, పూర్తి వేగంతో, ఏ వ్యవస్థలోనైనా నడవగలదు. చిక్కంతా ప్రోగ్రాం తనంతట తాను చేయలేని పనుల దగ్గర వస్తుంది. డిస్కు నుంచి ఫైలు చదవడం, తెర మీద కిటికీ గీయడం, ప్రింటరుకు పేజీ పంపడం వంటివి ఏ ప్రోగ్రామూ సొంతంగా చేయదు. ఆపరేటింగ్ సిస్టంను అడుగుతుంది. ఆ అడిగే పద్ధతి విండోస్‌లో ఒకటి, లినక్స్‌లో మరొకటి.

ఒక ఫైలు తెరవడాన్ని దగ్గరగా చూస్తే

సి డ్రైవులో "పెళ్లి" అనే ఫోల్డరు, అందులో "కార్డు" అనే పేజ్‌మేకర్ ఫైలు ఉన్నాయనుకుందాం. ఆపరేటరు ఓపెన్ నొక్కగానే ప్రోగ్రాం "క్రియేట్‌ఫైల్" అనే విండోస్ ఆదేశాన్ని పిలుస్తుంది. విండోస్ యంత్రంలో ఆ పిలుపు డీఎల్‌ఎల్ అనే లైబ్రరీ ఫైళ్ల గుండా కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టం గర్భంలో ఉండి డిస్కునూ మెమరీనీ ఏలే భాగానికి చేరుతుంది.

లినక్స్‌లో "సి డ్రైవు" అనేదే లేదు. ఫోల్డర్లన్నీ ఒకే మూలం నుంచి కొమ్మలుగా సాగుతాయి. ఫోల్డర్ల పేర్ల మధ్య విండోస్ వెనక్కి వాలిన గీత పెడితే, లినక్స్ ముందుకు వాలిన గీత పెడుతుంది. ఆంగ్లంలో పేరు పెట్టినప్పుడు పెద్ద అక్షరాలతో రాసినా చిన్న అక్షరాలతో రాసినా విండోస్ ఒకే ఫైలుగా తీసుకుంటుంది; లినక్స్ సాధారణంగా వాటిని రెండు వేరు ఫైళ్లుగా చూస్తుంది. కాబట్టి ఎవరో ఒకరు మధ్యలో నిలబడి, సి డ్రైవును లినక్స్‌లోని ఒక ఫోల్డరుకు ముడిపెట్టి, గీతలు మార్చి, అక్షరాల పెద్దాచిన్నా తేడా పట్టించుకోకుండా వెతికి, ఆ తర్వాత లినక్స్‌కు చెందిన "ఓపెన్" అనే ఆదేశాన్ని ఇవ్వాలి.

తిరుగుదారిలోనూ ఇదే పని. ఫైలు లేకపోతే లినక్స్ 2 అనే తప్పు సంఖ్య ఇస్తుంది, విండోస్‌లో కూడా "ఫైలు దొరకలేదు" అన్నదానికి సంఖ్య 2, కాబట్టి అక్కడ రెండూ కలిశాయి. అనుమతి లేకపోతే మాత్రం లినక్స్ 13 ఇస్తుంది, విండోస్ ప్రోగ్రాం 5 కోసం చూస్తుంది. ఆ 13ను 5గా మార్చకుండా పంపితే ప్రోగ్రాం దాన్ని వేరే తప్పుగా అర్థం చేసుకుని, సంబంధం లేని సందేశం చూపిస్తుంది లేదా ఆగిపోతుంది. ఒక్క ఫైలు తెరవడంలోనే ఇంత ఉంది. విండోస్‌లో ఇలాంటి ఆదేశాలు వేల సంఖ్యలో ఉన్నాయి, వాటిలో కొన్నింటి ప్రవర్తన ఏ పత్రంలోనూ రాసి ఉండదు.

వైన్ చేసే పని

ఈ మధ్యవర్తి పనిని లినక్స్ మీద చేసే ప్రోగ్రాం పేరు వైన్. 1993లో బాబ్ ఆమ్‌స్టట్, ఎరిక్ యంగ్‌డేల్ దీన్ని మొదలుపెట్టారు. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్ నడిపిస్తున్నారు. 1.0 సంచిక రావడానికి 2008 జూన్ వరకు పట్టిందంటే ఆ పని ఎంత పెద్దదో ఊహించవచ్చు. జిల్లా కార్యాలయంలో తెలుగు రైతు చెప్పింది విని, ఒడియాలో అర్జీ రాసి, అధికారి జవాబును మళ్లీ తెలుగులో వినిపించే రాతగాడిలా వైన్ పనిచేస్తుంది. పొలం రైతుదే, నిర్ణయం కార్యాలయానిదే, మాట మారేది గుమ్మం దగ్గర మాత్రమే.

ప్రోగ్రాంలోని ప్రాసెసరు ఆదేశాలను వైన్ ముట్టుకోదు కాబట్టి లెక్కలు, పేజీ అమరిక వంటి పనులు అసలు వేగంతోనే సాగుతాయి. విండోస్ డీఎల్‌ఎల్ ఫైళ్ల స్థానంలో అవే పేర్లతో, అవే ఆదేశాలతో తాను రాసుకున్న లైబ్రరీలను పెడుతుంది. ప్రింటు ఇచ్చినప్పుడు ఆ పేజీని పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణనగా మార్చి లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థకు అప్పగిస్తుంది. అందువల్ల లినక్స్‌లో పనిచేసే లేజర్ ప్రింటరు అయితే వైన్ నుంచి ట్రేసింగ్ (అచ్చు కోసం పలుచటి కాగితం మీద తీసే ప్రింటు) తీయడం సాధ్యమే. విండోస్ డ్రైవరు, అంటే పరికరాన్ని నడిపే విండోస్ ప్రోగ్రాం తప్ప మరేదీ లేని ప్రింటరైతే ఆ దారి మూసుకుపోయినట్లే.

వైన్ ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. కెర్నల్ బయట నడిచే ప్రోగ్రామునైతే అది మోయగలదు. కెర్నల్ లోపల చేరి, హార్డువేరును నేరుగా పట్టుకునే డ్రైవర్లను చాలావరకు మోయలేదు. కొన్ని ఫాంట్ల ప్యాకేజీలు, అకౌంటింగ్ ప్రోగ్రాములు దొంగ ప్రతులను అరికట్టడానికి ఒక లాక్‌ను, అంటే కంప్యూటరు వెనుక గుచ్చే చిన్న పరికరాన్ని అడుగుతాయి. ఆ లాక్‌తో మాట్లాడేది ఒక విండోస్ డ్రైవరు. ప్రోగ్రాం మెనూలన్నీ వైన్‌లో చక్కగా కనిపించినా, లాక్ దొరకలేదన్న సందేశంతో పని అక్కడే నిలిచిపోవచ్చు. ఇటువంటి చోట "సగం నడిచింది" అనే మాటకు అర్థం లేదు.

భద్రత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వైన్ ఒక గోడ కాదు. మామూలు అమరికలో లినక్స్ ఫోల్డర్లన్నీ జెడ్ డ్రైవు రూపంలో విండోస్ ప్రోగ్రాముకు కనిపిస్తాయి. వైరస్ ఉన్న విండోస్ ఫైలును వైన్‌లో నడిపితే అది ఆ వినియోగదారు ఫైళ్లను పాడుచేయగలదు.

యంత్రంలో మరో యంత్రం

రెండో మార్గం వర్చువల్ మెషిన్. ఇందులో మాట మార్చే పని ఉండదు. లినక్స్ మీద ఒక ప్రోగ్రాం, ఉదాహరణకు వర్చువల్‌బాక్స్, డిస్కూ మెమరీ తెరా అన్నీ ఉన్న కంప్యూటరులా నటిస్తుంది. దానిలో అసలైన విండోస్‌నే వేస్తారు. 1972లో ఐబీఎం తన పెద్ద కంప్యూటర్ల కోసం విడుదల చేసిన వీఎం/370లోనే ఈ పద్ధతి ఉంది. చిన్న కంప్యూటర్లలోకి 1999లో వీఎంవేర్ దీన్ని తెచ్చింది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ఇందుకు కావలసిన ఏర్పాట్లను ప్రాసెసరులోనే పెట్టిన తర్వాత ఇది తేలికైంది.

అసలైన విండోస్ కెర్నల్ నడుస్తుంది కాబట్టి లాక్ డ్రైవరు కూడా నడుస్తుంది. యూఎస్‌బీ లాక్‌ను లోపలి యంత్రానికి అప్పగించే వీలూ ఉంది. పాత ప్యారలల్ పోర్టు లాక్‌ల విషయం అంత సులువు కాదు, ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండదు. ఖర్చు మాత్రం మెమరీలో కనిపిస్తుంది. 4 జీబీ ఉన్న యంత్రంలో లినక్స్‌కూ బ్రౌజరుకూ సుమారు 2 జీబీ వదిలితే మిగిలేది 2 జీబీ. 64 బిట్ విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస మెమరీయే 2 జీబీ, అంటే ఊపిరి సలపని పరిస్థితి. అదే విండోస్ ఎక్స్‌పీ అయితే సంస్థ సిఫారసు చేసింది 128 ఎంబీ. 512 ఎంబీ ఇచ్చినా ఇంకా ఒకటిన్నర జీబీ మిగులుతుంది. పేజ్‌మేకర్ ఎక్స్‌పీ కాలం నాటిదే కాబట్టి ఆ జోడీ బాగానే కుదురుతుంది. ఎక్స్‌పీకి భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది గనుక, లోపలి యంత్రానికి ఇంటర్నెట్ కలపకుండా, ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక్క ఫోల్డరు మాత్రమే తెరిచి ఉంచే వారు ఉన్నారు. దానిలో వేసే విండోస్‌కు లైసెన్సు కావాలన్న నియమం మారదు.

ప్రాసెసరే వేరైతే

ఫోన్లలోనూ, ఇప్పటి ఆపిల్ కంప్యూటర్లలోనూ ఉండేవి ఆర్మ్ ప్రాసెసర్లు. వాటికి ఇంటెల్ ఆదేశాలు అర్థం కావు. ఇంటెల్ ఆదేశం ఒక బైటు నుంచి 15 బైట్ల వరకు ఎంత పొడవైనా ఉండవచ్చు. 64 బిట్ ఆర్మ్‌లో ప్రతి ఆదేశం సరిగ్గా 4 బైట్లు. కాబట్టి ఇక్కడ ఒక్కో ఆదేశాన్నీ మార్చవలసిందే. 2003లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన క్యూఈఎంయూ, ఆ తర్వాత వచ్చిన బాక్స్64 వంటివి ఈ పని చేస్తాయి. 2020లో ఆపిల్ తెచ్చిన రొజెట్టా 2 ప్రోగ్రామును వీలైనంత వరకు ముందే మార్చి దాచుకుంటుంది, అందుకే వేగంగా నడుస్తుంది.

వైన్, ప్రాసెసరు అనువాదకం రెండూ కలిపి ఫోనులో విండోస్ ప్రోగ్రాం నడిపించే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఇలాంటి చోట ప్రతి పిలుపూ రెండు అంతస్తుల్లో మారుతుంది, తప్పు ఎక్కడ వచ్చిందో కనిపెట్టడం అంత కష్టమవుతుంది. ఇంకొక విషయం గమనించాలి: ఈ అనువాదకాలు శాశ్వతం కావు. ఆపిల్ 2006లో ఇచ్చిన మొదటి రొజెట్టాను 2011లో తీసేసింది. విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపేందుకు 2021లో వచ్చిన ఏర్పాటుకు మైక్రోసాఫ్ట్ 2025 మార్చి 5న మద్దతు ఆపేసింది.

నిపుణుల్లో ఉన్న వాదాలు

వైన్ వంటి మాట మార్చే పొర మేలా, వర్చువల్ మెషిన్ వంటి పూర్తి యంత్రం మేలా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. పొర చాలదనే వారికి బలమైన సాక్ష్యం మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉంది. 2016లో లినక్స్ ప్రోగ్రాములను విండోస్‌లో నడపడానికి ఆ సంస్థ వైన్‌కు ఎదురుదిశలో అలాంటి పొరనే కట్టింది. 2019లో ప్రకటించిన రెండో సంచికలో ఆ దారి వదిలి, వర్చువల్ మెషిన్‌లో అసలైన లినక్స్ కెర్నల్‌నే పెట్టింది. ఫైళ్ల పనిలో వేగం, అన్ని పిలుపులకూ సరిపోయే పొత్తు అనే రెండూ పొరతో సాధించడం కష్టమైంది. ఎంతో వనరులున్న సంస్థకే అలా అయినప్పుడు ఈ వాదాన్ని తేలిగ్గా తీసేయలేము.

మరోవైపు కంప్యూటరు ఆటల సంస్థ వాల్వ్ 2018 ఆగస్టులో వైన్ ఆధారంగా ప్రోటాన్‌ను తెచ్చి, 2022లో స్టీమ్ డెక్ అనే చేతి కంప్యూటరును దాని మీదే నిలబెట్టింది. విండోస్ కోసం రాసిన వేలాది ఆటలు అందులో లినక్స్ మీద నడుస్తున్నాయి. డబ్బు పెట్టి, ఒక్కో ప్రోగ్రాం లోపాన్ని వెతికి సరిచేసే మనుషులుంటే పొర ఎంత దూరమైనా వెళ్లగలదని ఇది చూపిస్తుంది. నా దృష్టిలో ఈ రెండు ఉదాహరణలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు: ఆటలకు మనుషులు దొరికారు, తెలుగు, ఒడియా డీటీపీ ప్రోగ్రాములకు అంత శ్రద్ధ పెట్టే వారు దొరకలేదు.

అసలు పరాయి ప్రోగ్రాములను నడిపించడమే నష్టమనే మూడో వాదం కూడా ఉంది. 1992లో వచ్చిన ఐబీఎం ఆపరేటింగ్ సిస్టం ఓఎస్/2 2.0 విండోస్ ప్రోగ్రాములను బాగా నడిపింది. అందువల్లే దాని కోసం ప్రత్యేకంగా ప్రోగ్రాములు రాయడానికి కంపెనీలు ముందుకు రాలేదని ఆ వాదం చెబుతుంది. ఓఎస్/2 వెనుకబడటానికి వేరే కారణాలూ ఉన్నాయి కాబట్టి దీన్ని పూర్తి రుజువుగా తీసుకోవడానికి లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. భారత కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా ప్రోగ్రాం కలిగి ఉన్న వ్యక్తి దానితో మరో ప్రోగ్రాం కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం రాబట్టడాన్ని, అది మరోలా సులువుగా దొరకనప్పుడు, అనుమతిస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 5న గూగుల్, ఒరాకిల్ వివాదంలో 6–2 మెజారిటీతో, జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన సుమారు 11,500 వరుసల ఆదేశ నిర్వచనాలను తిరిగి వాడుకోవడం న్యాయమైన వినియోగమేనని తేల్చింది. మైక్రోసాఫ్ట్ సోర్స్ కోడు, అంటే ఆ సంస్థ ఇంజినీర్లు రాసిన అసలు ప్రోగ్రాం రాత చూసిన వారి నుంచి వైన్ బృందం కోడు తీసుకోదు. దొంగ ప్రతి మాత్రం ఏ వ్యవస్థ మీద నడిపినా దొంగ ప్రతే.

ప్రోగ్రాం నడిచినా తెగని ముడి: అక్షరాలు

ఇక్కడి ప్రెస్సుల వరకు అన్నిటికంటే లోతైన అంతస్తు ఫైలులోని అక్షరాలది. పాత డీటీపీ ఫాంట్లలో 256 గడులు మాత్రమే ఉంటాయి. ఆంగ్ల అక్షరాలు, గుర్తులు ఉండవలసిన గడుల్లో తెలుగు ముక్కలు పెట్టారు: ఒక గడిలో తలకట్టు, ఒకదానిలో కొమ్ము, ఒకదానిలో ర ఒత్తు. ఫైలులో దాచి ఉండేది తెలుగు కాదు, ఆ గడుల సంఖ్యలు. ఒడియా ఫాంటులో అవే గడుల్లో ఒడియా ముక్కలు ఉంటాయి. ఫాంటు తీసేస్తే రెండూ అర్థం లేని ఆంగ్ల అక్షరాల కుప్పగా కనిపిస్తాయి.

అన్ని భాషల రాతకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో ప్రతి లిపికీ సొంత సంఖ్యలు ఉన్నాయి. "క్రి" అన్న అక్షరం అందులో క, పొల్లు, ర, గుడి అనే నాలుగు సంకేతాలుగా, పలికే వరుసలో ఉంటుంది. పాత ఫాంటులో అదే అక్షరం కంటికి కనిపించే ముక్కల వరుసలో ఉంటుంది. ఒడియాలో ఏకారపు గుర్తు హల్లుకు ఎడమవైపున పడుతుంది. పాత ఫైలులో ఆ గుర్తు ముందు, హల్లు తర్వాత ఉంటాయి, యూనికోడ్‌లో హల్లు ముందు, గుర్తు తర్వాత. అక్కడ సంయుక్తాక్షరం ఉంటే మార్పిడి ప్రోగ్రాం ఆ గుర్తును మొత్తం సంయుక్తాన్ని దాటించి పెట్టాలి.

ఆపరేటింగ్ సిస్టంలే ఈ లిపులను వేర్వేరు కాలాల్లో అందుకున్నాయి. తెలుగుకు గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. ఒడియాకు కళింగ ఫాంటు ఆ తర్వాతి విండోస్ విస్టా దాకా రాలేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అసలే తెలియదు. పెళ్లివారు వాట్సాప్‌లో పంపిన తెలుగు పేర్లను అందులో నేరుగా అతికించలేక, ఆపరేటరు మళ్లీ టైపు చేస్తాడు లేదా మార్పిడి ప్రోగ్రాం గుండా పంపుతాడు. వైన్‌లో నడిపినా, వర్చువల్ మెషిన్‌లో నడిపినా ఈ పరిస్థితి రవ్వంత కూడా మారదు.

కీబోర్డు సంగతీ ఇలాంటిదే. తెలుగు టైపింగ్ ప్రోగ్రాం సాధారణంగా నొక్కిన మీట సంకేతాన్ని దారిలో పట్టుకుని తెలుగు ముక్కగా మార్చి పంపుతుంది. వైన్‌లో అలా పట్టుకోగలిగేది వైన్ లోపల నడిచే ప్రోగ్రాముల మీటలనే. పక్కనే తెరిచిన లిబ్రేఆఫీస్ అనే లినక్స్ ఆఫీసు ప్రోగ్రాముకు ఆ లేఅవుట్ అందదు. ఫాంటు ఫైళ్లు ట్రూటైప్ అయితే మాత్రం లినక్స్ వాటిని నేరుగా తీసుకుంటుంది. పేజీలో వాడిన ఫాంట్లలో ఒక్కటి దొరక్కపోయినా వ్యవస్థ మరో ఫాంటు పెడుతుంది, అక్షరాల వెడల్పు మారుతుంది, ముహూర్తం వరుస కిందికి జారి వేదిక వరుసను తోసేస్తుంది.

2015లో వచ్చిన 4.4 సంచిక నుంచి లిబ్రేఆఫీస్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలుగుతోంది. అమరిక అచ్చంగా రాకపోయినా, విండోస్ లేకుండానే పాత ఫైలులోని రాతను బయటికి తీసే మార్గమిది. అలా తీసేటప్పుడు రాతతో పాటు ఏ వాక్యం ఏ ఫాంటులో ఉందన్న సమాచారాన్ని కూడా కాపాడుకోవాలి. ఒకే శుభలేఖలో తెలుగు వాక్యాలకు ఒక మార్పిడి పట్టిక, ఒడియా వాక్యాలకు మరొకటి కావాలి, పొరపాటున తారుమారైతే వచ్చేది ఏ భాషా కాని రాత. ఫాంటు పేరు పోతే ఒక వరుస తెలుగుదో ఒడియాదో చెప్పే ఆధారం ఫైలులో ఇంకొకటి ఉండదు. మార్చిన రాత సరిగ్గా వచ్చిందో లేదో అసలు పేజీ పక్కన పెట్టుకునే సరిచూడాలి కాబట్టి, ఆ ఫాంట్లతో ఆ పేజీని ఉన్నది ఉన్నట్టు చూపించే పాత వ్యవస్థ ఎక్కడో ఒకచోట, వర్చువల్ మెషిన్‌లోనైనా సరే, మార్పిడి పూర్తయ్యే వరకు నడుస్తూ ఉండాలి.